జపనీస్ డిగ్రీ ఏడ చదవాలె? ఇఫ్లూ, జేఎన్‌యూ, శాంతినికేతన్, జపాన్, లేకుంటే ఊళ్లె డిగ్రీతోటి సర్టిఫికెట్: నల్గొండ, పాలమూరు పిల్లల కోసం

ఇంటర్ అయిపోయినంక జపనీస్ చదువుతా అనే పిల్లలు ఈమధ్య మన దగ్గర కూడా బాగనే కనబడుతున్నరు, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి, అన్ని దిక్కుల నుంచి అడుగుతున్నరు. కొందరికి అనిమే (జపాన్ కార్టూన్ సిరీస్‌లు) చూసి ఇష్టం పుట్టింది, కొందరికి జపాన్ల పని దొరుకుతదని ఎవరో చెప్పిండ్రు, ఇంకొందరికి నిజంగనే ఆ దేశం చరిత్ర మీద, కథల మీద మనసున్నది. అందరూ అడిగేది మాత్రం ఒక్కటే, ఏ యూనివర్సిటీ మంచిది అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉన్నది: డిగ్రీ పట్టా చేతికి వచ్చిన రోజు నువ్వు ఏం చేయగలగాలె? జపనీస్ పేపర్ చదివి తెలుగులో చెప్పగలగాల్నా, కంపెనీల జపాన్ వాళ్లతోటి మాట్లాడగలగాల్నా, జపాన్ చరిత్ర మీద పరిశోధన చేయగలగాల్నా, లేకపోతే జల్ది జపాన్ పోయి సంపాదించాల్నా? ఈ నాలుగింటికి నాలుగు వేరే తొవ్వలు. పేరు మాత్రం అన్నిటికీ జపనీస్ అనే ఉంటది, గందరగోళం అంతా అందుకే.

సిలబస్ల ఏం చూడాలె

ఏ యూనివర్సిటీ అయినా సరే జపనీస్ స్టడీస్ డిగ్రీ లక్ష్యాలు అని ఒక పేజీ రాసి పెడుతది. దాంట్ల మామూలుగ నాలుగు మాటలుంటయ్. భాష ఫలానా స్థాయి దాకా రావాలె, అసలు జపనీస్‌ల రాసినవి చదివి అర్థం చేసుకోవాలె, జపాన్ చరిత్ర సాహిత్యం సమాజం తెలిసుండాలె, ఒక విషయం మీద సొంతంగ వెతికి రాయగలగాలె. చదవనీకి అన్నీ మంచిగనే ఉంటయ్. చూడాల్సింది ఏందంటే ప్రతి లక్ష్యానికి ఎదురుంగ ఒక పేపర్ ఉన్నదా లేదా అని. అసలు జపనీస్ చదవగలగాలె అని రాసి, మూడో ఏడుల కూడా గ్రామర్ పుస్తకమే నడుస్తుంటే ఆ లక్ష్యం కాగితం మీదనే ఉన్నట్టు. పరిశోధన అని రాసి ఆఖరి సెమిస్టర్ల ప్రాజెక్టో చిన్న థీసిస్సో లేకపోయినా అంతే.

అందుకే నేను ఎవరికి చెప్పినా మొదటి ఏడు సిలబస్ చూడకుండ్రి, ఆఖరి ఏడుది చూడుండ్రి అంటా. మొదటి ఏడు అన్ని చోట్లా దాదాపు ఒకటే తీరుగుంటది, హిరగాన 46 అక్షరాలు, కటకాన 46, కొన్ని కాంజీలు (చైనా నుంచి వచ్చిన, ఒక్కోటి ఒక అర్థం చెప్పే గుర్తులు), చిన్న చిన్న వాక్యాలు. రెండో ఏడు కొంచెం విడిపోతది. మూడో ఏడు వచ్చేసరికి ఒక చోట న్యూస్‌పేపర్, కథలు, అనువాదం ఉంటయ్, ఇంకో చోట జపాన్ చరిత్రల ఎడో యుగం 1603 నుంచి 1868 దాకా, తర్వాత మెయిజీ యుగం, 1945 నుంచి 1952 దాకా అమెరికా వాళ్ల పాలన, ఇట్ల చరిత్ర రాజకీయాలు ఎక్కువుండి భాష మధ్య స్థాయిలనే ఆగిపోతది. రెండోదాన్ని ఏరియా స్టడీస్ అంటరు. అది తక్కువది కాదు, దాని లెక్కనే వేరు, కానీ ట్రాన్స్‌లేటర్ అవుదామనుకున్నోళ్లు దాంట్ల చేరితే ఇబ్బంది.

ఇగ భాష స్థాయి అంటే మన దేశంల అందరూ జేఎల్‌పీటీ అనే జపనీస్ భాష పరీక్షతోటి కొలుస్తరు. ఎన్5 అందరికంటే కింద, ఎన్1 అందరికంటే పైన. పరీక్ష జులైల ఒకసారి, డిసెంబర్ల ఒకసారి. మార్కులు 180కి, పాస్ కావాల్నంటే ఎన్5కి 80, ఎన్4కి 90, ఎన్3కి 95, ఎన్2కి 90, ఎన్1కి 100, దానితోటి పాటు సెక్షన్ల వారీగ కూడా కనీసం మార్కులు దాటాలె. అయితే ఈ పరీక్షల మాట్లాడేది లేదు, రాసేది లేదు, గోళాలు దిద్దుడే. కాబట్టి కోచింగ్ల ఎన్3 కొట్టినోడు కూడా ఎదురుంగ జపాన్ మనిషి కూర్చుంటే నోరు పెగలక ఆగిపోవచ్చు. డిగ్రీకి, కోచింగ్ సెంటర్‌కి తేడా వచ్చేది ఇక్కడనే. మంచి డిగ్రీల సంభాషణ, వ్యాసం రాసుడు, విని రాసుడు, ఇవన్నీ వేరే వేరే పేపర్లుగ ఉంటయ్. సిలబస్ల అవి ఎన్ని గంటలున్నయో లెక్కపెట్టుకోండ్రి.

ఇంకోటి చెప్పాలె, ఇది మనోళ్లకు ఎవరూ చెప్పరు. జపనీస్ వాక్యం నడక మన తెలుగు నడకనే. క్రియ ఆఖరికి వస్తది, కి, లో, తో లాంటివి పేరు వెనక తగులుతయ్, "నిన్న సంతల కొన్న చీర" అన్నట్టు వర్ణన అంతా ముందు వచ్చి వస్తువు తర్వాత వస్తది, పెద్దోళ్లతోటి ఒక తీరు, తోటోళ్లతోటి ఒక తీరు మాట్లాడుడు కూడా ఉన్నది. కానీ క్లాసుల చెప్పేది ఇంగ్లీష్‌ల. మూడో ఏడుల ఒక పేపర్ ముక్క ఇస్తరు, ఒక్కో వాక్యం మూడు లైన్లు, క్రియ మూడో లైన్ ఆఖర్న. ఇంగ్లీష్‌లకు మార్చుకుంట చదివే పిల్లలు ఆఖరికి పోయి మళ్లీ మొదటికి వచ్చి మొత్తం తిప్పి పేర్చుకుంటరు. మన పిల్లలు దాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుగులనే అనుకుంట పోతే వాక్యం తిప్పే పనే లేదు, ముక్క ముక్క అట్లనే వచ్చి కూర్చుంటది. తెలుగు మీడియంల చదివిన అని వెనకకు జరిగే పిల్లలకు నేను గట్టిగ చెప్పేది ఇదే, గ్రామర్ల మీకే సులువు. కాంజీలు మాత్రం ఎవ్వరికైనా కష్టమే, జపాన్ల రోజువారీ వాడకానికి ప్రభుత్వం పెట్టిన జాబితాలనే 2136 ఉన్నయ్, రోజూ నోట్‌బుక్‌ల రాసుడు తప్ప వేరే తొవ్వ లేదు.

ఒక్కసారి చూసుకునేందుకు

| తొవ్వ | దేని మీద జోరు | ఖర్చు | ఇంటికి దూరం | ఎవరికి |
|---|---|---|---|---|
| ఇఫ్లూ (హైదరాబాద్‌ల భాషల యూనివర్సిటీ) బీఏ ఆనర్స్ | భాష, సాహిత్యం | తక్కువ | బస్సులనో రైల్లనో పోయి రావచ్చు | ట్రాన్స్‌లేషన్, టీచింగ్, కంపెనీ పనులు |
| జేఎన్‌యూ బీఏ ఆనర్స్ | భాష, దానితోటి సమాజం, చరిత్ర | ఫీజు చాలా తక్కువ, ఢిల్లీ ఖర్చు వేరే | చాలా దూరం | ఎంఏ, పరిశోధన, సివిల్స్ మీద కన్నున్నోళ్లు |
| శాంతినికేతన్ | భాష, సంస్కృతి | తక్కువ | దూరం | నెమ్మదిగ, లోతుగ చదివేటోళ్లు |
| జపాన్ల డిగ్రీ | అన్నీ | స్కాలర్‌షిప్ లేకుంటే చాలా ఎక్కువ | సముద్రం అవతల | మెక్స్ట్ (జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్) కొట్టగలిగేటోళ్లు, డబ్బున్నోళ్లు |
| ఊళ్లె డిగ్రీ, పక్కన సర్టిఫికెట్ | భాష మాత్రమే | తక్కువ | ఇంటి దగ్గరనే | ఇంటి బాధ్యత ఉన్నోళ్లు, ఇంజినీరింగ్ పిల్లలు |

ఇఫ్లూ, హైదరాబాద్

తార్నాకల ఉస్మానియా పక్కనే ఉన్నది ఈ యూనివర్సిటీ, 2007ల సెంట్రల్ యూనివర్సిటీ అయింది, అంతకుముందు సీఫెల్ అనేటోళ్లు. భాషలు చెప్పేందుకే పుట్టిన సంస్థ. మన రెండు జిల్లాల నుంచి చూస్తే ఇదే అందరికంటే దగ్గర, పాలమూరు నుంచి కాచిగూడకు రైలు, నల్గొండ నుంచి సికింద్రాబాద్‌కు రైలు, వంద కిలోమీటర్లు అటూ ఇటూ. పండుగకు ఇంటికి వచ్చి పోవచ్చు, ఇంట్ల ఎవరికన్నా బాగలేకపోతే పొద్దుమీకేలోపల వచ్చి చేరొచ్చు. ఆడపిల్లల తల్లిదండ్రులు దీన్ని ఒప్పుకునేదానికి సగం కారణం ఇదే, దాంట్ల తప్పేమీ లేదు, దూరం కూడా ఒక లెక్కనే.

చదువు సంగతికి వస్తే పొద్దంతా భాషలే నడిచే క్యాంపస్, పక్క క్లాసుల ఫ్రెంచ్, ఇంకో క్లాసుల స్పానిష్, రష్యన్. భాషాశాస్త్రం చెప్పేటోళ్లు, ఇంగ్లీష్ టీచింగ్ చెప్పేటోళ్లు ఒకటే ఆవరణల ఉంటరు కాబట్టి జపనీస్ చదివే పిల్లకు భాష ఎట్ల నేర్పాలె అనే విద్య కూడా చెవుల పడుతది. టీచర్ కావాలనుకున్నోళ్లకు ఇది చాలా పనికొస్తది. ఇంగ్లీష్ తక్కువ ఉన్న పిల్లలకు కూడా ఇక్కడ డిగ్రీ అయిపోయేలోపల ఇంగ్లీష్ దానంతట అదే బాగుపడుతది, జపనీస్ తోటి ఉద్యోగం చేయాల్నన్నా ఇంగ్లీష్ కావాల్సిందే, ఎందుకంటే కంపెనీల అనువాదం ఎక్కువగ జపనీస్‌కి ఇంగ్లీష్‌కి మధ్యనే నడుస్తది.

తక్కువ ఎక్కడ అంటే రాజకీయాలు, ఆర్థికం, జపాన్ విదేశాంగ విధానం లాంటివి లోతుగ కావాల్నంటే ఇది భాషల యూనివర్సిటీ, ఆ సబ్జెక్టుల డిపార్ట్‌మెంట్లు పెద్ద యూనివర్సిటీలల ఉన్నట్టు పక్కన ఉండవు. సీట్లు కూడా తక్కువ.

ఉద్యోగాల గురించి ఒక మాట. హైదరాబాద్ చుట్టూ జపాన్ కంపెనీలు ఉన్నయ్, రుద్రారంల తోషిబా, షాబాద్ దగ్గర చందన్‌వెల్లిల దైఫుకు, సిటీల ఐటీ పనులు. కందిల ఉన్న ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ కట్టుడుల కూడా జపాన్ ప్రభుత్వ సాయం ఉన్నది. ఇసొంటి చోట్ల రెండు భాషలు వచ్చినోళ్ల పని పడుతది, కానీ ఎన్4 తోటి పిలవరు. ఎన్3 ఉంటే మాట వింటరు, ఎన్2 ఉంటే గట్టిగ నిలబడొచ్చు. డిగ్రీ ఏడ చేసినా ఇది మారదు.

జేఎన్‌యూ, ఢిల్లీ

సీయూఈటీ అనే సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రెన్స్ పరీక్ష రాసి చేరాలె. ఫీజు చూస్తే నమ్మబుద్ధి కాదు అంత తక్కువ, హాస్టల్ దొరికితే మన దగ్గర ప్రైవేట్ డిగ్రీ కాలేజీల కంటే తక్కువల అయిపోతది. హాస్టల్ వెంటనే దొరకకపోతే మాత్రం మొదటి నెలలు రూం కిరాయి బాగనే పడుతది, ఆ పైసలు ముందే పక్కకు పెట్టుకోవాలె.

ఇక్కడి బలం ఏందంటే భాషల స్కూల్ల జపనీస్ సెంటర్ ఒకటి, అంతర్జాతీయ అధ్యయనాల స్కూల్ల తూర్పు ఆసియా సెంటర్ ఇంకోటి, రెండూ ఒకటే క్యాంపస్‌ల ఉన్నయ్. బీఏల భాష చదివి ఎంఏల ఇటో అటో తిరగొచ్చు. లైబ్రరీ, సెమినార్లు, జపాన్ నుంచి వచ్చే ప్రొఫెసర్ల లెక్చర్లు, జపాన్ ఫౌండేషన్ ఆఫీసు కూడా ఢిల్లీలనే ఉన్నది, ఇవన్నీ కలిసి ఒక గాలి ఉంటది ఆడ. పరిశోధన అనే లక్ష్యం నీ మనసుల ఉంటే ఇఫ్లూ కంటే దీనికే నేను ఓటేస్తా. ఢిల్లీ యూనివర్సిటీల ఈస్ట్ ఏషియన్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ కూడా ఉన్నది, దాంట్ల ఎంఏ చేయొచ్చు, కాబట్టి ఇఫ్లూల బీఏ చేసి ఎంఏకి ఢిల్లీ పోవుడు కూడా మంచి ప్లానే. పద్దెనిమిదేండ్లకు ఇల్లు విడిచి అంత దూరం పోలేని పిల్లలకు నేను ఇదే చెప్తుంటా.

దూరం, చలి, తిండి, మొదటి ఏడు ఒంటరితనం, వీటిని తక్కువ అంచనా వేయకుండ్రి. తట్టుకోగలిగే పిల్లలకు మాత్రం ఇంత తక్కువ ఖర్చుల ఇంత పెద్ద లోకం ఇంకెక్కడా దొరకదు.

శాంతినికేతన్, పుణె

శాంతినికేతన్ల ఉన్న విశ్వభారతి యూనివర్సిటీల నిప్పన్ భవన అని జపనీస్‌కే ఒక భవనం ఉన్నది, 1994ల మొదలైంది. టాగూర్ 1916ల జపాన్ పోయి వచ్చిండు, ఆయన కాలం నుంచే ఆడికి జపాన్ వాళ్ల రాకపోకలున్నయ్. చిన్న ఊరు, నెమ్మది చదువు, కళలు సంస్కృతి వైపు మొగ్గు. ఉద్యోగాల సందడి తక్కువ. పుణెల అయితే ఉల్టా, ఆడ కంపెనీలు ఎక్కువ, జపనీస్ నేర్చుకునేటోళ్లు ఎక్కువ, తిలక్ మహారాష్ట్ర విద్యాపీఠ్‌ల జపనీస్‌ల డిగ్రీలున్నయ్. కిరాయి, ఫీజు కలిపి చూసుకోవాలె. మన జిల్లాల పిల్లలు ఇఫ్లూ వదిలిపెట్టి పుణె పోవాల్సినంత కారణం నాకైతే కనబడదు, చుట్టాలుంటే వేరే సంగతి.

జపాన్‌కే పోయి చదువుడు

రెండు తీర్లు. ఒకటి జపనీస్ ప్రభుత్వ స్కాలర్‌షిప్, మెక్స్ట్ అంటరు. డిగ్రీకి పోతే ట్యూషన్ ఉండదు, పోయి వచ్చే విమానం వాళ్లదే, నెలకు 1,17,000 యెన్ దాకా ఇస్తరు, మొదటి ఏడు భాష నేర్పి తర్వాత నాలుగేండ్ల డిగ్రీ. వినడానికి ఇంత మంచిగుంది కదా, పోటీ కూడా అట్లనే ఉంటది. సీఈసీ హెచ్‌ఈసీ పిల్లలు ఒకటి తెలుసుకోవాలె, సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాల వైపు అప్లై చేసినా పరీక్షల ఇంగ్లీష్, జపనీస్‌తో పాటు లెక్కలు కూడా ఉంటయ్. ఇంటర్ల లెక్కలు వదిలేసినోళ్లు మళ్లీ పుస్తకం పట్టాలె.

రెండోది సొంత ఖర్చు. ప్రభుత్వ యూనివర్సిటీలల చాలాకాలంగ నడుస్తున్న ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్, చేరేటప్పుడు ఇంకో 2,82,000. ఫీజొక్కటే ఏడాదికి మన లెక్కల 3 లక్షల దాకా, కొన్ని యూనివర్సిటీలు ఇంతకంటే పెంచినయ్ కూడా. ప్రైవేట్‌ల ఇంకా ఎక్కువ. ఇంగ్లీష్‌ల చెప్పే కోర్సులు ఉన్నయ్, బెప్పు పట్నంల 2000ల మొదలైన ఏపీయూ (ఏషియా పసిఫిక్ యూనివర్సిటీ), టోక్యోల వాసెదా, సోఫియా, నగోయా యూనివర్సిటీల జపాన్ ఇన్ ఏషియా కోర్సు. పార్ట్ టైమ్ చేసుకుంట చదువుతా అనేటోళ్లు గుర్తుపెట్టుకోండ్రి, స్టూడెంట్ వీసా మీద వారానికి 28 గంటలే పని. దాంతోటి తిండికి కిరాయికి ఆసరా అయితది గానీ ఫీజు మొత్తం వెళ్లదు. పొలం అమ్మి బిడ్డను పంపుదామనుకునే నాయినలకు నేను చేతులెత్తి చెప్తా, డిగ్రీకి ఆ పని చేయకండి. ఇక్కడ చదివి పోయే తొవ్వ ఉన్నది.

ఆ తొవ్వ ఏందంటే, మెక్స్ట్‌లనే జపనీస్ స్టడీస్ స్టూడెంట్ అని ఒక స్కాలర్‌షిప్ ఉన్నది. బయటి దేశం యూనివర్సిటీల జపనీస్ భాషనో సంస్కృతినో మెయిన్‌గ డిగ్రీ చదువుతున్నోళ్లకు మాత్రమే, సుమారు ఒక ఏడు జపాన్ల చదివి వచ్చి ఇక్కడ డిగ్రీ పూర్తి చేయాలె. ఇఫ్లూ, జేఎన్‌యూ, విశ్వభారతి పిల్లలకు ఇది అందుతది. బీకాం చదువుకుంట పక్కన ఎన్3 కొట్టినోడికి అందదు. డిగ్రీ పేరు మీద జపనీస్ ఉండుడుకు ఉన్న అసలైన విలువ ఇక్కడ తెలుస్తది.

ఊళ్లె డిగ్రీ, పక్కన భాష

నల్గొండల ఎన్‌జీ కాలేజీ, పాలమూరుల ఎంవీఎస్, దోస్త్ అనే మన రాష్ట్ర డిగ్రీ అడ్మిషన్ల సైట్‌ల పెట్టుకుంటే సీటు వస్తది, ఇంటి దగ్గర ఉండొచ్చు. జపనీస్ మాత్రం ఆన్‌లైన్ల నేర్చుకోవాలె. జపాన్ ఫౌండేషన్ వాళ్ల మినాతో అనే సైట్‌ల కోర్సులు ఉచితంగ ఉన్నయ్, మంచియి, ఎన్5 ఎన్4 దాకా క్రమశిక్షణ ఉన్న పిల్లకు సరిపోతయ్. ఇబ్బంది ఏందంటే ఎన్3 దగ్గర ఒంటరిగ చదివేటోళ్లు చాలామంది ఆగిపోతరు, తప్పు దిద్దే మనిషి ఉండడు, మాట్లాడనీకి తోడు ఉండదు. ఇంజినీరింగ్, నర్సింగ్ పిల్లలకైతే ఇదే సరైన తొవ్వ అంటా, ఎందుకంటే వాళ్ల చేతుల ఇంకో విద్య ఉన్నది, దానికి జపనీస్ తోడైతే విలువ పెరుగుతది. బీటెక్ వదిలి జపనీస్ బీఏల చేరుతా అన్న పిల్లగాడికి నేను వద్దనే చెప్పిన, ఎందుకంటే వాడికి కావాల్సింది జపాన్ల ఇంజినీర్ పని, జపాన్ చరిత్ర కాదు.

జపాన్ల పని దొరకాలె, అంతే అనేటోళ్లకు

అది డిగ్రీ తొవ్వ కాదు, దాన్ని దీంతోటి కలపకుండ్రి. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అని వీసా ఉన్నది, ఇండియా జపాన్ 2021 జనవరిల ఒప్పందం చేసుకున్నయ్. భాషకు ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో భాష పరీక్ష గానీ ఉండాలె, పని పరీక్ష వేరే, ముసలోళ్లను చూసుకునే పనికి ఆ పని భాషల ఇంకో పరీక్ష. మొదటి రకం వీసాల మొత్తం మీద ఐదేండ్లు, కుటుంబాన్ని తీసుకపోనీకి లేదు. బయటి దేశాల పనులకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉన్నది, మొదలు ఆడ అడగండ్రి. లక్షలు కట్టు, జాబ్ గ్యారంటీ అనే బోర్డుల దగ్గర ఒక్క రూపాయి ఇచ్చే ముందు కూడా టామ్‌కామ్‌ల ఒకసారి అడిగి కనుక్కోండ్రి.

ఇగ ఎవరు ఏది పట్టుకోవాలె

ఇంట్ల ఆసరా తక్కువ, చదువు మీద ఇష్టం ఎక్కువ, దూరం పోనిస్తలేరు: ఇఫ్లూ, రెండో ఆలోచన లేదు. పుస్తకాల పిచ్చి ఉండి ప్రొఫెసర్ కావాలనుకుంటే జేఎన్‌యూ, తర్వాత ఎంఏ, యూనివర్సిటీల పాఠం చెప్పేందుకు రాసే యూజీసీ నెట్‌ల జపనీస్ సబ్జెక్ట్ కూడా ఉన్నది. లెక్కలు మంచిగొచ్చి ఇంటర్ల మార్కులు గట్టిగ ఉన్నోళ్లు మెక్స్ట్ రాయండ్రి, కానీ దాని మీదనే కూర్చోకుండ ఇటు ఇఫ్లూ, సీయూఈటీ కూడా పెట్టండ్రి. అనిమే ఇష్టం వరకే అయితే ముందు ఆర్నెల్లు మినాతోల నేర్చుకుని చూడండ్రి, కాంజీ నోట్‌బుక్ నిండుతుంటే ఇంకా ఇష్టం పెరుగుతుందా తగ్గుతుందా మీకే తెలుస్తది.

తారీఖుల దగ్గరనే మన పిల్లలు ఎక్కువ నష్టపోతున్నరు. దోస్త్ అయితే ఇంటర్ రిజల్ట్ వచ్చినంక తెరుస్తరు కాబట్టి మనోళ్లకు అన్నీ అట్లనే ఉంటయనుకుంటరు. సీయూఈటీ అప్లికేషన్ ఇంటర్ పరీక్షల కంటే ముందునో, పరీక్షలు నడుస్తున్నప్పుడో వచ్చి పోతది, రిజల్ట్ దాకా ఆగితే ఏడాది పోయినట్టే. ఇఫ్లూది ఆ ఏడు నోటిఫికేషన్ల ఏ పరీక్ష అడుగుతున్నరో సైట్‌ల చూసుకోవాలె. మెక్స్ట్ డిగ్రీ ప్రకటన ఎండాకాలంల ఎంబసీ సైట్‌ల వస్తది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవల ఇప్పుడే తీసి పెట్టుకోండ్రి. సెంట్రల్ యూనివర్సిటీలకు ఓబీసీ సర్టిఫికెట్ కేంద్రం ఫార్మాట్‌ల ఉండాలె, రాష్ట్రానిది పట్టుకపోతే కౌన్సెలింగ్ల తిప్పి పంపుతరు, ఎమ్మార్వో ఆఫీసుల అది అడిగి తీసుకోండ్రి.